పాత 34401ఏ మల్టీమీటర్‌ని సీరియల్ పోర్టుతో నడపడం: ల్యాబ్‌లో వాడి రాస్తున్న రివ్యూ

కొనొచ్చా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, కొనండి, మంచి పీస్ దొరికితే వదలొద్దు. హెచ్‌పీ 34401ఏ అంటే ఆరున్నర డిజిట్ల (ఆరు పూర్తి అంకెలు, వాటి ముందు సున్నా లేదా ఒకటి చూపించే) బెంచ్ మల్టీమీటర్, తొంభైల మొదట్లో వచ్చిన మోడల్, ముందు హెచ్‌పీ పేరుతో, 1999లో ఆ విభాగం వేరుపడ్డాక ఎజిలెంట్ పేరుతో, 2014 తర్వాత కీసైట్ పేరుతో అమ్మారు, పేరు మారింది గానీ మీటర్ అదే. ఇప్పుడు కొత్తది తయారవట్లేదు కాబట్టి దొరికేవన్నీ సెకండ్ హ్యాండే. 10 వోల్టుల రేంజిలో ఏడాది స్పెక్, అంటే కాలిబ్రేట్ చేసిన ఏడాది లోపల ఉండగల తప్పు, రీడింగులో 0.0035 శాతం, దానికి తోడు రేంజిలో 0.0005 శాతం, మన పీజీ ల్యాబులకి ఇది ఎక్కువే, కొలత విషయంలో వంక పెట్టడానికేం లేదు. నేను రాసేది వెనకాల ఉన్న తొమ్మిది పిన్నుల ఆర్ఎస్ 232 పోర్టు, అంటే కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ పోర్టు గురించి, ఎందుకంటే చాలామంది ఈ మీటర్ కొని ఆ పోర్టుతో ఒక పూట కుస్తీ పట్టి, రావట్లేదు అని పక్కన పెట్టేసి మళ్ళీ పిల్లల చేత చేత్తో రీడింగులు రాయిస్తున్నారు. అది చూస్తే బాధేస్తుంది, ఆ పోర్టు బాగానే పనిచేస్తుంది, దానికి కావాల్సిన నాలుగైదు విషయాలు సరిగ్గా చెప్పేవాళ్ళే లేరు.

వెనకాల జీపీఐబీ పోర్టు (కొలిచే పరికరాల్ని కంప్యూటర్‌కి కలిపే ఇంకో రకం కనెక్షన్) కూడా ఉంది, ఈ మీటర్లో రెండూ స్టాండర్డుగానే వస్తాయి, విడిగా ఆప్షన్ కొనక్కర్లేదు. జీపీఐబీ స్పీడు ఎక్కువ, నమ్మకంగా ఉంటుంది, కాదనను, కానీ దానికి కార్డో యూఎస్‌బీ కన్వర్టరో కావాలి, ఒరిజినల్ కన్వర్టర్ రేటు చూస్తే డిపార్ట్‌మెంట్ బడ్జెట్లో సంతకం పెట్టేవాళ్ళు ఒప్పుకోరు. సీరియల్‌కైతే యూఎస్‌బీ టు సీరియల్ అడాప్టర్, ఒక కేబులు, అంతే.

మేం వాడేది ఎమ్మెస్సీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఫోర్ ప్రోబ్ ఎక్స్‌పెరిమెంటుకి. జెర్మేనియం ముక్క మీద నాలుగు ప్రోబులు, బయటి రెండిట్లో స్థిరమైన కరెంటు, లోపలి రెండిటి మధ్య వోల్టేజి, ఒవెన్ వేడెక్కుతుంటే వోల్టేజి పడిపోతూ ఉంటుంది, చివరికి రెసిస్టివిటీ లాగరిథమ్‌కీ ఒకటి బై టెంపరేచర్‌కీ గ్రాఫ్ గీసి స్లోపు నుంచి బ్యాండ్ గ్యాప్ (కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ దాటాల్సిన ఎనర్జీ) తీస్తారు, 0.67 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరకి రావాలి. మా కిట్‌లో ఉన్న ప్యానెల్ మీటర్లో 0.1 మిల్లీవోల్ట్ కంటే కింద కనపడదు, పైగా ఒవెన్ వేడెక్కే స్పీడులో ఒకడు థర్మామీటర్ చూసి అరవాలి ఇంకొకడు మీటర్ చూసి రాయాలి, ఆ రెండూ ఒకే క్షణానివి కావు. 34401ఏ 100 మిల్లీవోల్ట్ రేంజిలో 0.1 మైక్రోవోల్ట్ దాకా చూపిస్తుంది, అదే రేంజిలో క్రోమెల్ అల్యూమెల్ థర్మోకపుల్ (వేడిని బట్టి చిన్న వోల్టేజి ఇచ్చే రెండు లోహాల జత) పెడితే డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టులు వస్తుంది కాబట్టి టెంపరేచర్ మార్పు స్పష్టంగా పట్టుకోవచ్చు. ఒక మీటర్ ప్రోబులకి, ఒకటి థర్మోకపుల్‌కి, రెండూ సీరియల్ మీద కంప్యూటర్‌కి, టైముతో సహా ఫైల్లోకి పడిపోతాయి. ఇలా తీసిన గ్రాఫ్ చూశాక పిల్లలకి ఎక్స్‌పెరిమెంట్ మీద కొత్తగా గౌరవం వచ్చింది, పాయింట్లు గీత మీద కూర్చుంటుంటే మొహాలు వెలిగిపోతాయి, నాకైతే ఈ ఒక్క కారణానికే ఈ మీటర్ అంటే అభిమానం.

సరే అసలు విషయానికొస్తా, ముందు కేబుల్. మీటర్ పోర్టు కూడా కంప్యూటర్ పోర్టు లాగే డీటీఈ వైరింగే, అంటే రెండూ మూడో పిన్ను మీదే మాట్లాడతాయి రెండో పిన్ను మీదే వింటాయి, అందుకని నల్ మోడెమ్ కేబుల్ కావాలి, 2, 3 అడ్డంగా మారాలి, 4, 6 కూడా అడ్డంగా మారాలి, 5 తిన్నగా. చాలామంది మిస్సయ్యేది ఆ 4, 6 జత. కొలిచే సామాన్లు అమ్మే ఒక షాపులో నల్ మోడెమ్ అని రాసి ఉన్న కేబులే ఇచ్చారు, తెచ్చి కంటిన్యుటీ పెట్టి చూస్తే లోపల 2, 3, 5 తప్ప ఇంకే వైరూ లేదు. ఈ మీటర్‌కి అది చాలదు, ఎందుకంటే ఇది డీటీఆర్ (నాలుగో పిన్ను), డీఎస్ఆర్ (ఆరో పిన్ను) అనే హార్డ్‌వేర్ హ్యాండ్‌షేక్, అంటే నేను రెడీ, నువ్వు రెడీనా అని విడి వైర్ల మీద చెప్పుకునే పద్ధతి పాటిస్తుంది, తన ఆరో పిన్ను అంటే డీఎస్ఆర్ పాజిటివ్‌లో లేకపోతే అవతల వినేవాళ్ళు లేరు అనుకుని జవాబు పంపకుండా ఆగిపోతుంది. కమాండ్ వెళ్తుంది, మీటర్ రీడింగ్ తీస్తుంది, డిస్‌ప్లే మీద మారినట్టు కూడా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం ఏమీ రాదు. మీటర్ పోయిందని అనుకునేది ఇక్కడే. ఒరిజినల్ కేబుల్ కిట్ 34398ఏ అని ఉంది, దొరికితే తీసుకోండి, లేదంటే డీబీ 9 ఫిమేల్ కనెక్టర్లు రెండు, హుడ్‌లు, షీల్డ్ ఉన్న మల్టీకోర్ వైరు కొనుక్కుని మీరే సోల్డర్ చేసుకోండి, హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. చేతిలో ఐరన్ పట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళకి అరగంట పని, పైగా లోపల ఏముందో మీకు తెలిసిన కేబుల్ అవుతుంది.

ఆర్డుయినో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో నడుపుదాం అనుకునే పిల్లలకి ఒక మాట, బోర్డులో డేటా పంపే టీఎక్స్ పిన్ను తీసుకెళ్ళి నేరుగా ఈ పోర్టుకి పెట్టకండి. ఆర్ఎస్ 232లో ఒకటి అంటే నెగటివ్ వోల్టేజి, సున్నా అంటే పాజిటివ్, మైనస్ 3 నుంచి మైనస్ 15 దాకా, ప్లస్ 3 నుంచి ప్లస్ 15 దాకా ఉంటుంది, బోర్డులో ఉండేది సున్నా నుంచి 5 వోల్టులు లేదా 3.3 వోల్టులు. మధ్యలో మ్యాక్స్ 232, 3.3 వోల్టుల బోర్డుకైతే మ్యాక్స్ 3232 చిప్ పెట్టాలి.

తర్వాత మీటర్ లోపల సెట్టింగులు. ఫ్యాక్టరీ నుంచి జీపీఐబీ ఆన్‌లో, అడ్రస్ 22తో వస్తుంది, రెండు పోర్టులూ ఒకేసారి పనిచెయ్యవు, మీరే ఆర్ఎస్ 232కి మార్చాలి. షిఫ్ట్ నొక్కి మెనూ ఆన్ చేసి, బాణం గుర్తులతో ఇంగ్లీషు ఈ అక్షరం ఉన్న ఐఓ మెనూ దాకా వెళ్ళి, అందులో రెండోది ఇంటర్‌ఫేస్, మూడోది బాడ్ రేట్ (సెకనుకి ఎన్ని బిట్లు), నాలుగోది పారిటీ (బిట్లు తప్పుగా చేరాయేమో పట్టుకునే అదనపు బిట్). ఎంటర్ బటన్ విడిగా కనపడదు, ఆటో మ్యాన్ అని ఉన్న బటన్ పైన రాసి ఉంటుంది. ఒక్కసారి మారిస్తే పవర్ తీసేసినా మర్చిపోదు, రీసెట్ కమాండ్ ఇచ్చినా పోదు, అది బాగుంది.

పారిటీ దగ్గర జాగ్రత్త. ఈ మీటర్ 9600 బాడ్, 7 బిట్లు, ఈవెన్ పారిటీ, 2 స్టాప్ బిట్లతో (అక్షరం అయిపోయిందని చెప్పే బిట్లు) వస్తుంది, మన సాఫ్ట్‌వేర్లు అన్నీ 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని తెరుచుకుంటాయి. తేడా ఉంటే ఏమవుతుందో చూడండి, మీరు *ఐడీఎన్? (నువ్వెవరు అని మీటర్‌ని అడిగే కమాండ్) అని పంపారనుకోండి, అందులో స్టార్ గుర్తుకి ఏడు బిట్లలో మూడు ఒకట్లు, ఐ అక్షరానికీ మూడే, అంటే బేసి, ఈవెన్ పారిటీలో మొత్తం ఒకట్లు సరి సంఖ్య కావాలి కాబట్టి ఎనిమిదో బిట్ ఒకటి అవ్వాలి కానీ మీ కంప్యూటర్ అక్కడ సున్నా పంపుతుంది, కాబట్టి ఆ రెండు అక్షరాలూ మీటర్‌కి తప్పుగా చేరతాయి. డీకి రెండు ఒకట్లు, ఎన్‌కి నాలుగు, ప్రశ్న గుర్తుకి ఆరు, అవి అన్నీ సరి, అవి మాత్రం బాగానే వెళ్తాయి. ఐదు అక్షరాల్లో మూడు సరిగ్గా, రెండు తప్పుగా. మీటర్ బీప్ కొట్టి లోపల 513 అని ఎర్రర్ రాసుకుంటుంది, అది పారిటీ ఎర్రర్. నేనైతే మీటర్‌నే పారిటీ నన్, 8 బిట్లకి మార్చేస్తా, పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఇబ్బంది తక్కువ. స్టాప్ బిట్లు మాత్రం రెండే, మార్చడానికి లేదు, కంప్యూటర్ వైపు కూడా రెండు పెట్టుకోండి.

ఇక కమాండ్లు, ఇక్కడే ఈ మీటర్ నాకు బాగా నచ్చుతుంది. భాష ఎస్‌సీపీఐ, స్కిప్పీ అని పిలుస్తారు, 1990లో వచ్చిన స్టాండర్డ్, అంతకుముందు ఒక్కో కంపెనీ మీటర్‌కి ఒక్కో అక్షరాల గోల, ఒకదాని ప్రోగ్రామ్ ఇంకోదానికి పనికొచ్చేది కాదు. ఇందులో కమాండ్ చదివితేనే అర్థమైపోతుంది, మెజర్:వోల్టేజ్:డీసీ? అంటే డీసీ వోల్టేజి కొలిచి చెప్పు అని, పొట్టిగా మెజ్:వోల్ట్:డీసీ? అన్నా చాలు, చివర ప్రశ్న గుర్తు ఉంటే జవాబు ఇస్తుంది, లేకపోతే పని చేసి ఊరుకుంటుంది. ఇక్కడ నేర్చుకున్నది ఆసిలోస్కోప్‌కి, పవర్ సప్లైకి, ఫంక్షన్ జనరేటర్‌కి దాదాపు అలాగే పనికొస్తుంది, ఉద్యోగాల్లో టెస్ట్ ఇంజనీరింగ్ వైపు వెళ్ళే పిల్లలకి ఇది నిజమైన చదువు.

కానీ సీరియల్ మీద ఒక షరతు ఉంది, అన్నిటికంటే ముందు సిస్ట్:రెమ్ అని పంపాలి, అంటే సిస్టమ్ రిమోట్. జీపీఐబీలో ఇది అక్కర్లేదు, అక్కడ వైరే ఆ పని చేస్తుంది, సీరియల్‌లో అలాంటి వైరు లేదు కాబట్టి కమాండుతోనే చెప్పాలి. చెప్పకుండా మిగతా కమాండ్లు పంపితే 550 ఎర్రర్ వస్తుంది, లోకల్‌లో ఉండగా ఈ కమాండ్ కుదరదు అని. పంపాక డిస్‌ప్లే మీద రిమోట్ అనే చిన్న గుర్తు వెలుగుతుంది, అది వెలిగిందో లేదో కంటితో చూసుకోండి, అది వెలిగితే బాడ్, పారిటీ, కేబుల్లో పంపే దారి అన్నీ బాగున్నట్టే, ఇంక వచ్చే దారి ఒక్కటే చూసుకోవాలి. ప్రాబ్లం ఎక్కడుందో సగానికి సగం తేల్చేసే టెస్టు ఇది. సిస్ట్:రెమ్ పంపాక కొంచెం ఆగి తర్వాతది పంపండి, వెంటనే గుమ్మరిస్తే దాని తర్వాతి కమాండు పోవచ్చు. పని అయ్యాక సిస్ట్:లోక్ పంపితే బటన్లు మళ్ళీ చేతికి వస్తాయి.

కమాండ్ చివర న్యూలైన్ పంపాలి, మీటర్ ఇచ్చే జవాబు చివర క్యారేజ్ రిటర్న్, న్యూలైన్ రెండూ వస్తాయి. పైవీసా వాడేవాళ్ళు (అదీ పైసీరియలూ పైథాన్ నుంచి పరికరాలతో మాట్లాడే లైబ్రరీలు) రైట్ టెర్మినేషన్ ఒకటి, రీడ్ టెర్మినేషన్ ఒకటి విడివిడిగా పెట్టుకోవాలి, పైసీరియల్ వాడితే రీడ్‌లైన్ చేసి స్ట్రిప్ చేస్తే సరిపోతుంది. నేను పైసీరియలే వాడతా, చిన్న పనికి అది చాలు.

హ్యాండ్‌షేక్ గురించి లినక్స్ వాళ్ళకి విడిగా చెప్పాలి. విండోస్‌లో డీటీఆర్, డీఎస్ఆర్ ఫ్లో కంట్రోల్ సిస్టమే చూసుకోగలదు, లినక్స్‌లో ఆ సౌకర్యం లేదు, అక్కడ హార్డ్‌వేర్‌లో ఆర్‌టీఎస్ సీటీఎస్ అనే ఇంకో జత వైర్ల పద్ధతి ఒకటే ఉంది. పైసీరియల్‌లో డీఎస్ఆర్‌డీటీఆర్ ట్రూ అని పెట్టినా మీటర్ ఆగమని సైగ చేస్తే లినక్స్ దానంతటది ఆగదు. మేం ఏం చేశామంటే పోర్టు తెరవగానే డీటీఆర్ ఆన్‌లో పెట్టేసి అలాగే ఉంచేస్తాం, దాంతో మీటర్ ఆరో పిన్ను ఎప్పుడూ పాజిటివ్‌లో ఉంటుంది, జవాబు ఆగదు. అవతలి వైపుకి, కమాండ్ పంపేముందు పైసీరియల్‌లో డీఎస్ఆర్ అనే ప్రాపర్టీ చదివి, అది ట్రూ అయ్యేదాకా ఆగి అప్పుడు పంపుతాం. మూడు లైన్ల కోడు. మీటర్ ఇన్‌పుట్ బఫర్ చిన్నది, పొడుగు కమాండ్లు నాలుగైదు ఒకేసారి తోసేస్తే నిండిపోతుంది, ఒక్కొక్కటీ పంపి ఆగడం మంచిది.

చాలామంది ప్రోగ్రాముల్లో కనిపించేది ఏంటంటే లూప్‌లో మెజ్:వోల్ట్:డీసీ? పదే పదే పిలుస్తారు. పనిచేస్తుంది, కానీ మెజర్ అనేది ప్రతిసారీ మీటర్‌ని మొత్తం డిఫాల్ట్‌కి తెచ్చి, ఆటో రేంజ్ వెతుక్కుని, అప్పుడు కొలుస్తుంది. ముందు ఒక్కసారి కాన్ఫ్:వోల్ట్:డీసీ అని రేంజి ఇచ్చి, వోల్ట్:డీసీ:ఎన్‌పీఎల్‌సీ అని ఇంటిగ్రేషన్ టైము ఇచ్చి, ఆ తర్వాత లూప్‌లో రీడ్? ఒక్కటే పిలవండి. రేంజి మధ్యలో మారదు కాబట్టి రిలే టక్కు టక్కుమనదు, గ్రాఫ్‌లో రేంజి మారిన చోట చిన్న మెట్టు రాదు.

ఎన్‌పీఎల్‌సీ అంటే కరెంటు సైకిళ్ళ లెక్కలో ఎంతసేపు కొలవాలి అని, 0.02, 0.2, 1, 10, 100 అని ఐదు ఉన్నాయి. మన దగ్గర 50 హెర్ట్జ్ కాబట్టి ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, మీటర్ ఆన్ చేసినప్పుడే లైన్ ఫ్రీక్వెన్సీ పసిగట్టి దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, అమెరికా నుంచి వచ్చిన పీస్ అయినా సరే. పూర్తి సైకిళ్ళ మీద సగటు తీస్తే ఫ్యాన్ల నుంచి, ఒవెన్ హీటర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ కొట్టుకుపోతుంది, అందుకే మైక్రోవోల్టులు కొలిచేటప్పుడు 1 కంటే కిందకి పోవద్దు, 10 పెట్టుకోండి. 10 అంటే 200 మిల్లీసెకన్లు, ఆటో జీరో ఆన్‌లో ఉంటే సున్నా కూడా కొలుస్తుంది కాబట్టి డబుల్, 400. 100 పెడితే 2 సెకన్లు, ఆటో జీరోతో 4 సెకన్లు. పైవీసా డిఫాల్ట్ టైమౌట్ 2 సెకన్లే, అందుకే 100 పెట్టినవాళ్ళకి ప్రతిసారీ టైమౌట్ అని వస్తుంది, మీటర్ మాత్రం పాపం కొలుస్తూనే ఉంటుంది, ఇంతలో ప్రోగ్రామ్ ఇంకో ప్రశ్న వేసేస్తుంది, దాంతో మైనస్ 410 ఎర్రర్, క్వెరీ ఇంటరప్టెడ్. టైమౌట్ 10 సెకన్లకి పెంచండి, ఆ గొడవ మొత్తం పోతుంది.

స్పీడు ఎంత వస్తుంది అని అడుగుతారు. రీడింగ్ ఒకటి +4.27150000ఈ-03 ఇలా వస్తుంది, 15 అక్షరాలు, చివర రెండు కలిపి 17, ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్, డేటా, స్టాప్ బిట్లు కలిపి 11 బిట్లు, మొత్తం 187 బిట్లు, 9600ని 187తో భాగిస్తే సెకనుకి 51. బాడ్ రేటు అంతకు మించి పెంచడానికి లేదు, 9600 ఆఖరు. కాబట్టి సీరియల్ మీద సెకనుకి యాభైకి మించి ఆశ పెట్టుకోవద్దు. అంతకంటే వేగంగా కావాలంటే మీటర్ సొంత మెమరీలో 512 రీడింగులు దాచుకుంటుంది, సెకనుకి వెయ్యి దాకా తీస్తుంది, శాంప్:కౌన్ 512 అని, ఇనిట్ అని, అయ్యాక ఫెచ్? అని పంపితే అన్నీ కామాలతో వరసగా వచ్చేస్తాయి, కెపాసిటర్ డిశ్చార్జ్ లాంటివి ఇలా పట్టొచ్చు. 512 ఈ రోజుల్లో చాలా తక్కువ, అది నిజమైన లోటే. అది కాకుండా ఇన్‌పుట్ రేంజి దాటితే ఎర్రర్ అని రాదు, 9.90000000ఈ+37 అని వస్తుంది, ప్రోగ్రామ్‌లో అది పట్టుకుని పక్కన పెట్టకపోతే గ్రాఫ్ మొత్తం అడుగున ఒక గీతై కూర్చుంటుంది.

ఎర్రర్ల విషయంలో ఈ మీటర్ నిజాయితీ నాకు చాలా ఇష్టం. తప్పు కమాండ్ ఇస్తే బీప్ కొడుతుంది, ఎర్రర్ గుర్తు వెలుగుతుంది, 20 ఎర్రర్ల దాకా వరసలో దాచుకుంటుంది, సిస్ట్:ఎర్? అని అడుగుతూ పోతే ముందు వచ్చింది ముందు చెప్తుంది, ఖాళీ అయ్యాక +0, నో ఎర్రర్ అంటుంది. స్పెల్లింగ్ తప్పైతే మైనస్ 113, అన్‌డిఫైన్డ్ హెడర్. ఇప్పటి చవక డేటా లాగర్లు కొన్ని తప్పు కమాండ్ ఇస్తే నోరు మెదపవు, పాత రీడింగే మళ్ళీ పంపేస్తాయి, వాటితో కొలత చేసి పేపర్ రాయడం అంటే నాకు భయం. మేం ప్రతి ప్రోగ్రామ్ మొదట్లో *సీఎల్ఎస్ (పాత ఎర్రర్లు తుడిచే కమాండ్) పంపి, సెటప్ అయ్యాక సిస్ట్:ఎర్? అడిగి, సున్నా వస్తేనే కొలత మొదలుపెడతాం, పిల్లలకి ఇది అలవాటు చెయ్యండి.

రెండు మీటర్లు పెట్టుకునేవాళ్ళకి ఒక చిక్కు. *ఐడీఎన్? అడిగితే కంపెనీ పేరు, మోడల్, ఒక సున్నా, ఫర్మ్‌వేర్ వెర్షన్ వస్తాయి, ఆ సున్నా ఉన్న చోట సీరియల్ నంబర్ ఉండాలి, ఇందులో లేదు. అంటే రెండు 34401ఏలు ఒకేలా జవాబిస్తాయి, ఏది ఒవెన్‌దో ఏది ప్రోబులదో కమాండుతో తెలీదు, లినక్స్‌లో యూఎస్‌బీ పీకి పెడితే పోర్టు నంబర్లు తారుమారు అవుతాయి కూడా. సీరియల్ బై ఐడీ అనే ఫోల్డర్లో అడాప్టర్ సొంత నంబరుతో పేరు ఉంటుంది, దాన్నే ప్రోగ్రామ్‌లో వాడండి, అందుకోసం సొంత సీరియల్ నంబరున్న మంచి చిప్ అడాప్టర్లే కొనండి, కాపీ చిప్‌లు చాలావాటికి ఆ నంబరే ఉండదు. దానితో పాటు ప్రోగ్రామ్ మొదలవగానే డిస్ప్:టెక్స్ట్ కమాండుతో ఒక మీటర్ డిస్‌ప్లే మీద ఒవెన్ అని, రెండోదాని మీద ప్రోబ్ అని రాయిస్తాం, 12 అక్షరాల దాకా పడుతుంది, బెంచి మీద నిలబడ్డ పిల్లాడు చూసి వైర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేస్తాడు. తర్వాత డిస్ప్:టెక్స్ట్:క్లియర్ అంటే మామూలుగా అయిపోతుంది.

ముందు టెర్మినల్స్, వెనక టెర్మినల్స్ అని రెండు సెట్లు ఉన్నాయి కదా, ఒక మీటర్‌తోనే రెండూ మార్చి మార్చి కొలుద్దాం అనుకోకండి, ఆ స్విచ్ చేత్తో నొక్కేదే, రౌట్:టెర్మ్? అని ఏది నొక్కి ఉందో అడగొచ్చు గానీ కమాండుతో మార్చలేం. కావాలంటే బయట రిలే బోర్డు పెట్టుకోవాలి, మైక్రోవోల్టుల్లో అయితే ఆ రిలే జాయింట్ల దగ్గర వచ్చే థర్మల్ ఈఎమ్ఎఫ్ (వేడి తేడా వల్ల పుట్టే చిన్న వోల్టేజి) వేరే తలనొప్పి.

సెకండ్ హ్యాండ్ పీస్ చూసేటప్పుడు ల్యాప్‌టాపు, మీ కేబులు పట్టుకెళ్ళండి, ఈ పోర్టే మీకు మంచి చెకింగ్ సాధనం. *టీఎస్‌టీ? పంపితే లోపలి సెల్ఫ్ టెస్ట్ మొత్తం నడిపి సున్నా అంటే పాస్, ఒకటి అంటే ఫెయిల్ అని చెప్తుంది, ఇది కాస్త టైము తీసుకుంటుంది, టైమౌట్ పెంచి పెట్టుకోండి. కాల్:కౌన్? అడిగితే కాలిబ్రేషన్ లెక్క ఒక అంకెగా వస్తుంది, కాల్:స్టర్? అడిగితే చివరిసారి కాలిబ్రేట్ చేసినవాళ్ళు రాసిన చిన్న నోటు వస్తుంది, చాలామంది అక్కడ తేదీ రాస్తారు, అమ్మేవాడు పోయినేడు చేయించాం అంటే అక్కడ ఏముందో చూడొచ్చు. డిస్‌ప్లే వాక్యూమ్ ఫ్లోరసెంట్ రకం, ఏళ్ళ తరబడి ఆన్‌లో ఉన్న పీసుల్లో మసకబారిపోతుంది, ఎండలో కాకుండా గదిలో చూడండి. రోజంతా లాగింగ్ పెట్టేవాళ్ళు డిస్ప్ ఆఫ్ అని పంపి ఆర్పేస్తే డిస్‌ప్లే ఎక్కువ కాలం ఉంటుంది. ముఖ్యమైనది, వెనకాల పవర్ కార్డ్ గుచ్చే చోట వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, 100, 120, 220 లేదా 230, 240 అని, బయట దేశం నుంచి వచ్చిన పీస్ 120లో ఉండొచ్చు, ప్లగ్ పెట్టకముందే చూసి మార్చాలి, దానికి తగ్గ ఫ్యూజు వెయ్యాలి. కరెంట్ టెర్మినల్ 3 ఆంపియర్ల ఫ్యూజు కూడా చాలా పాత పీసుల్లో పోయి ఉంటుంది, అది చిన్న ఖర్చే.

పోటీలో ఉన్నది కీత్లీ 2000. అదీ ఆరున్నర డిజిట్లే, అందులోనూ ఆర్ఎస్ 232, జీపీఐబీ రెండూ ఉన్నాయి, దాని సీరియల్ కాస్త తేలిక, తిన్నటి కేబుల్ చాలు, నల్ మోడెమ్ పెడితేనే రాదు, ఫ్లో కంట్రోల్ ఎక్సాన్ ఎక్సాఫ్, అంటే ఆగు, పంపు అని అక్షరాలతోనే చెప్పే పద్ధతి కాబట్టి డీటీఆర్ గొడవ లేదు, బఫర్ 1024 రీడింగులు. స్కానర్ కార్డ్ వేసుకుంటే పది ఛానళ్ళు ఒకే మీటర్‌తో మార్చి కొలవొచ్చు, ఆ ఒక్క విషయంలో 34401ఏ దాని ముందు నిలబడదు. మీకు ఛానళ్ళు ఎక్కువ కావాలంటే అదే చూడండి. నాకు 34401ఏ వైపు మొగ్గు దాని మెనూ, దాని ఎర్రర్లు, దాని మాన్యువల్ వల్ల, ఆ మాన్యువల్ ఎంత బాగా రాశారంటే కొలతల్లో తప్పులు ఎలా వస్తాయో చెప్పిన చాప్టర్ ఒక్కటే బీఎస్సీ పిల్లలకి పాఠంగా పెట్టొచ్చు. కొత్తది కొనే డబ్బులుంటే దీని తర్వాత వచ్చిన మోడల్ 34461ఏ, యూఎస్‌బీ, ల్యాన్ రెండూ వస్తాయి, కానీ అందులో ఆర్ఎస్ 232 లేదు, 34401ఏకి రాసిన ఎస్‌సీపీఐ కమాండ్లు చాలావరకు దానిలో అలాగే నడుస్తాయి కాబట్టి ఈరోజు రాసుకున్న ప్రోగ్రాములు వృథా పోవు.

వేగంగా మారే సిగ్నల్స్ పట్టాలి, సెకనుకి వేలల్లో పాయింట్లు నిరంతరాయంగా కావాలి అనేవాళ్ళకి ఇది కాదు, వాళ్ళు డేటా అక్విజిషన్ కార్డ్ చూసుకోండి. మెల్లగా మారేవి, ఒవెన్, థర్మోకపుల్, బ్యాటరీ డిశ్చార్జ్, ఎల్‌డీఆర్, సోలార్ సెల్, హాల్ ఎఫెక్ట్, ఇలాంటివాటికి సెకనుకి రెండు మూడు నమ్మకమైన రీడింగులు చాలు, అందులో దీన్ని మించింది ఈ ధరలో నాకు కనపడలేదు. కొన్నవాళ్ళు మొదటిరోజు వైర్లు పెట్టకముందే ఒక గంట ఆన్‌లో ఉంచండి, వార్మప్ అంతసేపు కావాలని స్పెక్‌లోనే ఉంది, తర్వాత ఇన్‌పుట్ షార్ట్ చేసి 10 ఎన్‌పీఎల్‌సీతో రీడ్? లూప్ పెట్టి రాత్రంతా ఫైల్లోకి పడనివ్వండి, పొద్దున ఆ ఫైలు గ్రాఫ్ గీస్తే మీ మీటర్ ఎంత నాయిస్ చేస్తోందో, గది వేడికి ఎంత జరుగుతోందో, సీరియల్ లింకు మధ్యలో ఎక్కడైనా తెగిందో మూడూ ఒకేసారి తెలిసిపోతాయి.